తొమ్మిది పేర్లు, మూడు వామింటలు... కాదు, నాలుగు

మా ఊరి మొక్కల జాబితా ఆఫీసు నుంచి వెనక్కి వచ్చింది. తొమ్మిది చోట్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, మార్జిన్లో "రిపీట్ అయినట్టున్నాయి, సరిచూడగలరు" అని రాశారు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఏది దేనికి రిపీటో మాత్రం రాయలేదు.

ఈ జాబితా సంగతి ముందు చెప్పాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానికంగా ఒక కమిటీ ఉండి, ఆ ప్రాంతంలో ఉండే మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన వాడకాలు ఒక రిజిస్టర్లో రాసిపెట్టాలి. మా ఊరు అమలాపురం దాటి ముమ్మిడివరం వైపు. కొబ్బరితోటలు, వరిచేలు, మధ్యలో కాలువ. రిజిస్టరు తిరగరాయాల్సి వచ్చినప్పుడు వరి వంగడాలు ఒకరు, చేపలు ఒకరు, పశువులు ఒకరు పంచుకున్నారు. గట్ల మీద మొలిచే పిచ్చిమొక్కలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. హైస్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని కదా, అవి నా నెత్తిన పడ్డాయి.

నేనూ తేలిగ్గానే తీసుకున్నాను. సార్వా నాట్లు మొదలయ్యే రోజులు. తొమ్మిదో తరగతి పిల్లల్ని నాలుగు గుంపులు చేసి కాలువగట్టుకి, చెరువుగట్టుకి, రోడ్డు వారకి, తోటల్లోకి పంపాను. ఫొటో తీయండి, కొమ్మ తెచ్చి పేపర్లో నొక్కిపెట్టండి, ఇంట్లో పెద్దవాళ్ళని పేరడగండి అని చెప్పాను. శాస్త్రీయ నామాలు మాత్రం నేనే చూసుకున్నాను. మా పాత కాలేజీ సీనియర్ ఇచ్చిన ఒక ఫ్లోరా పుస్తకం, అంటే ఒక ప్రాంతపు మొక్కల్ని వర్ణించే పుస్తకం, జిరాక్స్ ఉంది. నెట్‌లో దొరికిన రెండు జాబితాలు ఉన్నాయి. పిల్లల ఫోన్లలో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఉంది. నాలుగింటి నుంచీ పేర్లు తీసి ఎక్సెల్లో పోసి, అక్షరక్రమంలో పెట్టి పంపేశాను.

అక్షరక్రమమే కొంప ముంచింది. ఒకే మొక్క పేర్లు ఒకటి ఎ దగ్గర, ఒకటి సి దగ్గర, ఒకటి పి దగ్గర పడ్డాయి. పక్కపక్కనే ఉంటే నాకైనా అనుమానం వచ్చేది. సున్నాలు చుట్టిన తొమ్మిదీ ఇవి: అరివేలా విస్కోసా, క్లియోమ్ గైనాండ్రా, క్లియోమ్ రూటిడోస్పెర్మా, క్లియోమ్ విస్కోసా, కోరినాండ్రా విస్కోసా, గైనాండ్రాప్సిస్ గైనాండ్రా, గైనాండ్రాప్సిస్ పెంటాఫిల్లా, పోలనీసియా ఐకోసాండ్రా, సీరుఎలా రూటిడోస్పెర్మా.

ఆ కాగితం చూసి భోజనాల దగ్గర విసుక్కుంటూ ఉంటే అత్తయ్యగారు అడిగారు, ఏం మొక్కలమ్మా అవి అని. ఫొటోలు చూపించాను.

"వామింటలా? తొమ్మిది రకాలెక్కడివే! తెల్లది వామింట, పసుపుపచ్చది కుక్కవామింట. మా చిన్నప్పుడు చెవిపోటు వస్తే వామింటాకు రసం పిండేవారు." ఊదారంగు పువ్వు ఫొటో దగ్గర ఆగారు. "ఇదేంటో నాకు తెలీదు. మా రోజుల్లో లేదు."

(చెవిలో ఆకురసాలు పోయకండి. అత్తయ్యగారికి కూడా అదే చెప్పాను. ఆవిడ వినలేదనుకోండి.)

తెల్ల వామింట రోడ్డు వారల్లో, పెంటకుప్పల పక్కన కనిపిస్తుంది. అరచేయి చాపినట్టు ఐదు పత్రకాల ఆకు. కుక్కవామింట ఇంకా మామూలు, ఇసుక ఉన్న ప్రతి చోటా ఉంటుంది. ముట్టుకుంటే జిగురు, వాసన ఘాటు, చెయ్యి కడుక్కున్నా ఒక పట్టాన వదలదు. రెంటికీ నిటారుగా లేచే సన్నటి కాయలు, వాటినిండా ఆవాల్లాంటి చిన్న గింజలు.

ఆ రాత్రి నేనే విడదీద్దామని కూర్చున్నాను. ఒక చోట క్లియోమ్ గైనాండ్రా అసలు పేరు, గైనాండ్రాప్సిస్ దాని పర్యాయనామం. ఇంకో చోట సరిగ్గా తలకిందులు. ఒక జాబితాలో అరివేలా పర్యాయనామం, కోరినాండ్రా అసలుది. మరో దాంట్లో కోరినాండ్రా పర్యాయనామం. పదకొండున్నరకి టెన్షన్ వచ్చి లాప్‌టాప్ మూసేశాను. ఎవరు ముందో, ఎవరు తర్వాతో తెలిస్తే తప్ప ఇది తేలదని మాత్రం అర్థమైంది.

కాకినాడలో నాకు డిగ్రీలో పాఠం చెప్పిన మాస్టారు ఉన్నారు. రిటైరై చాలా ఏళ్ళైంది. ఫోన్ చేస్తే "ఆదివారం రామ్మా, మొక్కలు కూడా తీసుకురా, పేర్లు ఒక్కటే తేకు" అన్నారు. అమలాపురంలో బస్సెక్కి, ఎదుర్లంక వారధి మీద గౌతమి దాటి, యానాం మీదుగా కాకినాడ చేరాను. ఒళ్ళో పాత న్యూస్‌పేపర్ల కట్ట. పక్క సీటావిడ బట్టలనుకుంది. నొక్కిన కుక్కవామింట కూడా ఇంకా కాస్త వాసన వేస్తుందని తెలిశాక కిటికీ తెరిచింది.

మాస్టారింటి దారిలో జగన్నాథపురం వంతెన. మొక్కలకి రెండు ముక్కల పేర్లు పెట్టే పద్ధతి స్థిరపరచిన లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కన్నుమూసింది ఈ జగన్నాథపురంలోనే. చివరి రోజుల్లో ఆయన్ని చూసుకున్నది సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. ఆ రాక్స్‌బర్గ్ 1781 నుంచి పన్నెండేళ్ళ పాటు సామర్లకోటలో ఉండి మొక్కలు పోగుచేసి, బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఇదంతా మాస్టారు డిగ్రీలో చెప్పినప్పుడు పరీక్షలో రాదని నేను నోట్సు కూడా రాసుకోలేదు.

మాస్టారు నా కాగితం చూడనే లేదు. లోపల్నుంచి ఒక పాత హెర్బేరియం షీటు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎండి గోధుమరంగుకి తిరిగిన వామింట. కింద కుడి మూల ఆయన లేబుల్, గైనాండ్రాప్సిస్ పెంటాఫిల్లా అని. దాని పైన ఇంకో చిన్న చీటీ, వేరే దస్తూరీతో క్లియోమ్ గైనాండ్రా. ఆ పైన మరో చీటీ, గైనాండ్రాప్సిస్ గైనాండ్రా.

"కొత్త చీటీ అంటించినప్పుడు పాతది పీకకూడదు. అది రూలు. నువ్వేం చేశావు? మూడు చీటీలూ పీకి మూడు మొక్కలని రాశావు."

తర్వాత ఆయన చెప్పిన ఒక్క విషయంతో సగం పని తేలిపోయింది. నేను పేర్లు రాసుకునేటప్పుడు చివర ఉండే మనుషుల పేర్లు, బ్రాకెట్లు అక్కర్లేదని కత్తిరించేశాను. అవే అసలు తాళంచెవి. గైనాండ్రాప్సిస్ గైనాండ్రా (లిన్నేయస్) బ్రికే. బ్రాకెట్లో ఉన్నాయన 'గైనాండ్రా' అనే పేరు మొదట పెట్టినవాడు. బయట ఉన్నాయన దాన్ని ఇప్పుడున్న ప్రజాతిలోకి, అంటే పేరులో మొదటి ముక్క కిందికి, తెచ్చినవాడు. బ్రాకెట్లోని మనిషీ, రెండో ముక్కా రెండు పేర్లలో ఒకటే అయితే, రెండూ ఒకే మొక్కవి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. తర్వాత తేదీలు చూసుకోవాలి.

మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. నాకు చప్పున తట్టింది. నా టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటివారి పేరు, ఆధార్లో అత్తింటివారిది. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి ఓసారి అఫిడవిట్ కూడా ఇచ్చాను. బ్రాకెట్ అంటే అఫిడవిట్ అన్నమాట. మాస్టారుతో అంటే నవ్వి, "ఇంటిపేరు మారింది, పిల్ల మారలేదు" అన్నారు.

ఇక తెల్లదాని కథ. మొక్కల పేర్లకి 1753 మే 1 ఉగాది లాంటిది. లిన్నేయస్ 'స్పీషీస్ ప్లాంటేరం' వచ్చినట్టు లెక్కవేసే తేదీ. అంతకు ముందు పెట్టిన పేర్లు లెక్కలోకి రావు. ఆ పుస్తకంలోనే ఆయన దీనికి క్లియోమ్ గైనాండ్రా అని పెట్టాడు. ఎందుకా పేరో పువ్వు చూస్తే తెలుస్తుంది. నాలుగు రేకులూ కింద ఉంటాయి. మధ్యలోంచి సన్నటి కాడ ఒకటి పైకి లేస్తుంది. ఆ కాడ నడుమ దగ్గర ఆరు కేసరాలు గొడుగు ఊచల్లా విప్పుకుంటాయి. కాడ అక్కడ ఆగకుండా ఇంకా పైకి పోయి చివర అండాశయాన్ని మోస్తుంది. మగభాగం ఆడభాగం మీదే మొలిచిందా అన్నట్టు ఉంటుంది. గ్రీకులో గైనాండ్రా అంటే అదే, ఆడ-మగ.

పదేళ్ళ తర్వాత, 1763లో, అదే పుస్తకం రెండో కూర్పులో ఆయనే దాన్ని క్లియోమ్ పెంటాఫిల్లా అన్నాడు. ఐదాకులది అని. 1824లో డి కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ పొడుగు కాడ ఉన్నదాన్ని క్లియోమ్ నుంచి తీసి గైనాండ్రాప్సిస్ అనే ప్రజాతిలో పెట్టాడు. ప్రజాతి పేరులోనే గైనాండ్రా ఉంది కదా అనుకున్నాడేమో, రెండో ముక్కగా పెంటాఫిల్లా తీసుకున్నాడు. ఇప్పటి నియమాల ప్రకారం అది కుదరదు. పాత పేరుకే హక్కు. 1914లో బ్రికే గైనాండ్రాప్సిస్ గైనాండ్రా అని సరిచేశాడు. 'గైనాండ్రాలాంటి గైనాండ్రా' అని అర్థం వస్తుంది, ఏం చేస్తాం.

అంటే పెంటాఫిల్లా పోవడానికి కారణం కేవలం తేదీ. అది ఎవరి అభిప్రాయమూ కాదు, ఎవరూ తిరగదోడలేరు. క్లియోమ్ కావాలా, గైనాండ్రాప్సిస్ కావాలా అన్నది మాత్రం అభిప్రాయం. ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది ఆ కాడ ఒక్కటీ చూసి వేరే కాపురం పెట్టించడం ఎందుకని మళ్ళీ క్లియోమ్‌లోనే కలిపేశారు. డీఎన్ఏ వరసలు చదవడం మొదలయ్యాక, క్లియోమ్ అని మనం పిలిచే గుంపు ఒకే కొమ్మ మీదివి కావని, ప్రపంచమంతా చెదిరిన చాలా కొమ్మలని తేలింది. దాంతో గైనాండ్రాప్సిస్ తిరిగి వచ్చింది. నా జాబితాలోని మూడు పేర్లూ ఒక్క మొక్కవే. కాగితం మీద రెండు కొట్టేశాను. మనసు ఎంత తేలికైందో.

అన్నట్టు ఈ తెల్లదాని పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిల్లలు పొద్దున్న బడికొస్తూ తీసిన ఫొటోలన్నిట్లో వాడిపోయి, కేసరాలు వేలాడుతూ ఉన్నాయి. మాస్టారు చెబితే గానీ తెలియలేదు. ఇంకో మాట కూడా చెప్పారు. ఇది సీ4 మొక్క, ఎండలో, వేడిలో కార్బన్ డయాక్సైడును బాగా వాడుకుంటుంది. మన వరి సీ3. వరికి ఆ గుణం తేగలమా అని ఆలోచించే శాస్త్రవేత్తలు వామింట ఆకుల్ని ఎంతో పరిశీలిస్తున్నారట. చేలో వరి, గట్టు మీద వామింట, మధ్యలో కొడవలి పట్టుకుని మనం.

కుక్కవామింట దగ్గర అసలు ముడి పడింది.

లిన్నేయస్ 1753లో దీనికి రెండు పేర్లు పెట్టాడు, రెండూ ఒకే పుస్తకంలో. క్లియోమ్ విస్కోసా, అంటే జిగురుది. క్లియోమ్ ఐకోసాండ్రా, అంటే ఇరవై కేసరాలది. వేర్వేరు అనుకున్నాడు పాపం. రెంటి వయసూ ఒకటే కాబట్టి ఇక్కడ తేదీ పనికిరాదు. అలాంటప్పుడు రెంటినీ మొదట కలిపినవాళ్ళు ఏది ఎంచుకుంటే అదే నిలుస్తుంది. విస్కోసా నిలిచింది. ఈ లోపల దీన్ని పోలనీసియాలోకి తీసుకెళ్ళారు. చాలా కేసరాలు, అవీ సమానంగా ఉండనివి అని ఆ ప్రజాతి పేరుకి అర్థం. 1834లో వైట్, ఆర్నాట్ ఇద్దరూ దక్షిణ భారత మొక్కల పుస్తకంలో పోలనీసియా ఐకోసాండ్రా అని రాశారు. నా జిరాక్స్ పేజీకి ఆ పేరు వచ్చిన దారి అదే. కానీ పోలనీసియా అసలు అమెరికా మొక్కల ఇంటిపేరు. కేసరాలు ఎక్కువున్నాయని మన మొక్కని ఆ ఇంటికి పంపారు తప్ప చుట్టరికం లేదు. అదీ పోయింది.

అరివేలా దగ్గర మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు. "ఈ పేరు ఎక్కడిదనుకున్నావు? గ్రీకు కాదు, లాటిన్ కాదు. మలయాళం."

మలబారులో డచ్చి గవర్నరుగా ఉన్న వాన్ రీడ్ తయారు చేయించిన, 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన పన్నెండు సంపుటాల 'హోర్టస్ మలబారికస్'లో మొక్కలన్నీ మలయాళం పేర్లతోనే ఉంటాయి. తొమ్మిదో సంపుటంలో కుక్కవామింట బొమ్మ 'అరియ వేళ'. తెల్ల వామింట బొమ్మ 'కర వేళ'. లిన్నేయస్ తన పుస్తకంలో ఆ బొమ్మల్ని ఉదహరించాడు. 1838లో రాఫినెస్క్ అనే ఆయన, వేలకొద్దీ పేర్లు పెట్టిన మనిషి, ఆ అరియ వేళనే పట్టుకుని అరివేలా అనే ప్రజాతి చేశాడు. తమిళంలోనూ ఇది వేళే. నాయ్ వేళై అంటారు. నాయ్ అంటే కుక్క. అంటే వాళ్ళకీ ఇది కుక్క వేళ, మనకీ కుక్కవామింట. మంచిదాన్ని పోలి ఉండి, దానంత మంచిది కానిదానికి కుక్కని తగిలించడం రెండు భాషలకీ అలవాటే. మాస్టారు ఇదంతా చెబుతుంటే నాకు జాబితా సంగతే గుర్తు లేదు. ఆయన భార్య తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

కానీ అరివేలా కథ అక్కడ ఆగలేదు. మన దేశంలో దీనికి దగ్గర చుట్టం ఇంకొకటి ఉంది, గులాబీరంగు పూలది, 1782లో లిన్నేయస్ కొడుకు తన గ్రంథంలో క్లియోమ్ చెలిడోనీ అని పేరు పెట్టినది. ఆయన ఆ గ్రంథంలో చేర్చిన మన దేశపు మొక్కల్లో కోనిగ్ పంపినవి ఎన్నో ఉన్నాయి. ఆ గులాబీదాన్నే 1827లో కోరినాండ్రా అనే వేరే ప్రజాతిగా అచ్చువేశారు. 2014లో కాక్రేన్, ఇల్టిస్ అనే ఇద్దరు ఏమన్నారంటే, పసుపుదీ గులాబీదీ ఒకే ప్రజాతి. అలాగైతే 1838 నాటి అరివేలా కన్నా 1827 నాటి కోరినాండ్రా పెద్దది, కాబట్టి దానిదే హక్కు. అప్పుడు కుక్కవామింట కోరినాండ్రా విస్కోసా అయింది. మూడేళ్ళకే, 2017లో, బారెట్ తదితరులు డీఎన్ఏ చూసి, ఈ రెండూ వేరు కొమ్మలేనని, అరివేలా అరివేలాయే, కోరినాండ్రా కోరినాండ్రాయే అని విడదీశారు. ఆ మూడేళ్ళ మధ్య తయారైన జాబితా ఒకటి నాకు దొరికింది, అంతే. నా ఎక్సెల్లోకి కోరినాండ్రా విస్కోసా వచ్చిందలా.

"మరి ఇప్పుడు ఏది రాయాలి మాస్టారూ?"

"క్లియోమ్ విస్కోసా అని రాసినా తప్పు కాదమ్మా. ఇప్పటికీ చాలామంది అలాగే రాస్తారు. ఎవరిని అనుసరించావో చెప్పు. పాత పేర్లు పక్కన పెట్టు."

నాకు ఆ జవాబు అంత నచ్చలేదు. ఏదో ఒకటి తేల్చి చెబుతారనుకున్నాను.

కుటుంబం గడి కూడా ఉంది ఫారంలో. జిరాక్స్ పుస్తకం కప్పరేసి అంటుంది, మన ఉలిమిరి చెట్టు కుటుంబం. 1998, 2003 వర్గీకరణల్లో ఆవాల కుటుంబంలో కలిపారు. 2009 నుంచి క్లియోమేసి అని సొంత కుటుంబం. ఆవాలకి అన్నిటికన్నా దగ్గరి చుట్టాలు ఇవే. లిన్నేయస్ కూడా 1753లో వీటిని ఆవాలున్న వర్గంలోనే పెట్టాడు. ఉత్తరాఖండ్ కొండల్లో కుక్కవామింట గింజల్ని జఖ్యా అని పోపులో వేసుకుంటారు. క్లియోమేసి అని రాసి ముందుకు పోయాను.

ఊదాది తొందరగా తేలింది. ఆఫ్రికా నుంచి వచ్చిన మొక్క. మూడు పత్రకాలు, ఆరు కేసరాలు, మధ్య రెండు రేకుల మీద లేత పసుపు పట్టీ. రూటిడోస్పెర్మా అంటే ముడతల గింజలది. పేరు పెట్టింది 1824లో డి కాండోల్. 2017లో రోల్సన్, హాల్ ఆఫ్రికా క్లియోమ్‌లని సర్దుతూ దీన్ని సీరుఎలాలోకి పంపారు. ఆ ప్రజాతి పేరు కూడా రాఫినెస్క్‌దే. అత్తయ్యగారు తన రోజుల్లో లేదన్నది నిజమే అయ్యుంటుంది.

తొమ్మిది పేర్లు మూడు వరసలైపోయాయి. తిరుగు బస్సులో నా అంత గొప్పది లేదనుకున్నాను. ఆ గొప్ప రెండు నెలలు నిలిచింది.

నవంబరులో కోతలకి ముందు, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నోట్‌బుక్కు మధ్య పెట్టి ఒక కొమ్మ తెచ్చింది. గులాబీరంగు పూలు. తోట వెనక ఎండిపోతున్న బోదెలో దొరికిందంది. యాప్ కోరినాండ్రా చెలిడోనీ అని చూపించింది. నేను చూసీ చూడగానే, "కోరినాండ్రా అంటే కుక్కవామింట పాత పేరమ్మా. రంగు తేడా అంతే" అన్నాను. పర్యాయనామాలు కొట్టేసే అలవాటు చేతికి పట్టేసింది. ఎక్సెల్లో నిజంగానే కుక్కవామింట వరసలో 'అరుదుగా గులాబీ పూలు' అని చేర్చాను కూడా.

ఆ పిల్ల కదల్లేదు. "జిగురు లేదు మేడం" అంది.

ముట్టుకున్నాను. లేదు. గరుకుగా, చిన్న చిన్న ముళ్ళలాంటి నూగు ఉంది గానీ జిగురు లేదు. వాసన కూడా ఆ వాసన కాదు. పత్రకాలు లెక్కపెట్టాం, ఏడు. కుక్కవామింటకి మూడు, మహా అయితే ఐదు. బడి వదిలాక ఇద్దరం సైకిళ్ళ మీద ఆ బోదె దగ్గరికి వెళ్ళాం. నీళ్ళు దిగిపోయిన నల్లమట్టి, అంచుల్లో ఓ పాతిక మొక్కలు. పది రెట్ల లెన్సు పెట్టి చూస్తే కేసరాలు లెక్కకి అందలేదు. నలభై దాకా ఎంచి వదిలేశాను. ఒక్కో కేసరం కాడ పైకి పోయేకొద్దీ లావెక్కి, చివర చిన్న గదలా ఉంది. కోరినాండ్రా అంటే ఇదే, గదలాంటి కేసరాలు. పేరు పెట్టినవాడు పువ్వు చూసే పెట్టాడు, నేనే పేరు చూసి పువ్వు చూడలేదు.

పశువుల్ని తోలుకెళ్తున్న ఆయన ఆగి, "ఏంటండీ మేడంగారూ, ఏమన్నా పోయిందాండీ?" అన్నాడు. మొక్క చూపించి పేరడిగాను. "ఇదాండీ, ఇది కూడా వామింటేనండి. నీళ్ళు తీసేసిన చోట వస్తాదండి. గేదెలు ముట్టవండి" అన్నాడు.

ఇంటికొచ్చి తప్పెక్కడ జరిగిందో ఆలోచించాను. కోరినాండ్రా విస్కోసా ఇప్పుడు పర్యాయనామం, నిజమే. కానీ కోరినాండ్రా పర్యాయనామం కాదు. 2017లో పసుపుది ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది, గులాబీది అక్కడే ఉంది, అసలు ఆ ఇల్లు దానిదే. పర్యాయనామం అనే మాట రెండు ముక్కలకీ కలిపి వర్తిస్తుంది, మొదటి ముక్కకి ఒక్కదానికే కాదు. నేను ఇంటిపేరుని కొట్టేసి ఇంట్లో ఉన్న మనిషిని కూడా కొట్టేశాను. మాస్టారికి ఫోన్ చేసి చెబితే చాలాసేపు నవ్వి, "షీటు ఒకటి నాకు కూడా నొక్కిపెట్టు" అన్నారు.

రిజిస్టరు మళ్ళీ పంపేటప్పుడు నాలుగు వరసలు రాశాను. గైనాండ్రాప్సిస్ గైనాండ్రా, అరివేలా విస్కోసా, కోరినాండ్రా చెలిడోనీ, సీరుఎలా రూటిడోస్పెర్మా. 2017 విభజననే తీసుకున్నాను. గులాబీదాన్నీ పసుపుదాన్నీ చేత్తో పట్టుకుని చూశాక రెంటినీ ఒక ఇంట్లో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అది శాస్త్రీయ కారణం కాదని తెలుసు. ప్రతి పేరు చివరా బ్రాకెట్లు ఉంచాను. పాత పేర్లు రాయడానికి ఫారంలో గడి లేదు. 'ఇతర వివరాలు' గడిలో చిన్న అక్షరాలతో ఇరికించి రాశాను, ఏ పేరు ఏ ఏడాదిదో కూడా. ప్రతి మొక్కకీ ఒక షీటు నొక్కి, తేదీ, చోటు రాసి, బడి బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టాం. రేపు ఎవరైనా పేరు మారిస్తే చీటీ అంటించడానికి పైన జాగా వదిలాం.

పదిరోజులకి ఆఫీసు నుంచి ఫోన్. కొత్త గొంతు, మర్యాదగా ఉంది. ఈసారి రిపీట్ గొడవ కాదు. "మేడం, నాలుగో మొక్కకి తెలుగు పేరు గడి ఖాళీగా ఉంది. ఖాళీ ఉంటే కంప్యూటర్ తీసుకోదు."

ఊరంతా అడిగాం, ఊదాదానికి ఎవరూ పేరు చెప్పలేదని అన్నాను. లేని పేరు నేనెలా రాస్తానండీ అన్నాను. కనుక్కుని చెబుతానని పెట్టేశారు.

మర్నాడు బీరువా తెరిచి ఆ షీటు చూశాను. తెలుగు పేరు దగ్గర పెన్సిలుతో, ఆ పిల్ల అక్షరాలే, 'ఊదా వామింట' అని ఉంది. రబ్బరు చేతిలోకి తీసుకుని మళ్ళీ డ్రాయర్లో పెట్టేశాను. ఆఫీసుకి మాత్రం ఇంకా చెప్పలేదు.